అప్పీలు లేని భృతి

2019 వానాకాలంలో దేశంలో వాహనాల అమ్మకాలు బాగా పడిపోయాయి. జంషెడ్‌పూర్‌లోని టాటా మోటార్స్ కర్మాగారం కొన్ని రోజుల చొప్పున ఉత్పత్తి ఆపివేసే 'బ్లాక్ క్లోజర్'లు ప్రకటించింది. ఖర్కాయీ నదికి ఇవతల, సరాయ్‌కేలా-ఖర్సావాఁ జిల్లాలోని ఆదిత్యపూర్, గమ్హరియా పారిశ్రామిక వాడల్లో ఉన్న చిన్న యూనిట్లలో అధిక భాగం ఆ కర్మాగారానికి విడిభాగాలు చేసి బతికేవే. పెద్ద గేటు మూడు రోజులు మూతపడితే చిన్న గేట్లు వారాల తరబడి మూతపడ్డాయి. శాశ్వత కార్మికుడికి సెలవు దొరికింది. ఠేకేదారు కింద పనిచేసే కార్మికుడికి మాత్రం రేపటి నుంచి రావద్దన్న నోటిమాటే దక్కింది. లేఆఫ్ నోటీసు లేదు, తొలగింపు ఉత్తర్వు లేదు, పరిహారం లెక్క లేదు.

అటువంటి కార్మికుల్లో చాలామంది వేతనంలోంచి నెలనెలా ఈఎస్ఐ చందా కోత పడుతూనే ఉండేది. పని పోయినవారికి ఈఎస్ఐ సంస్థ నగదు భృతి చెల్లిస్తుందన్న పథకం అప్పటికి అమలులోకి వచ్చి ఏడాది దాటింది. అయితే ఆ దరఖాస్తు కదలాలంటే చివరి యజమాని దానిని ధ్రువీకరించి పంపాలి. అతడు పంపకపోతే ఏమిటి? పంపినా కార్యాలయం తిరస్కరిస్తే ఎక్కడ మొరపెట్టుకోవాలి? ఈ రెండో ప్రశ్నకు పథకంలో సూటి జవాబు లేదు. భారత దేశంలో నిరుద్యోగ భృతి చరిత్ర అంటే నిజానికి ఈ జవాబు లేకపోవడపు చరిత్రే. భృతి ఎంత, ఎన్నాళ్లు అన్న లెక్కలను ప్రభుత్వాలు పలుమార్లు మార్చాయి. 'కాదు' అన్న అధికారి మాట మీద అప్పీలు మాత్రం ఏ ప్రభుత్వపు ప్రాధాన్యంలోకీ రాలేదు.

హక్కుతో పాటు పుట్టిన అప్పీలు

నిరుద్యోగ బీమాను చట్టంగా చేసిన తొలి పెద్ద దేశం బ్రిటన్. 1911 నాటి జాతీయ బీమా చట్టం నిర్మాణం, నౌకా నిర్మాణం, ఇంజనీరింగ్ వంటి కొన్ని వృత్తులకే వర్తించింది. పరిధి చిన్నదే అయినా న్యాయక్రమం పూర్తిగా ఉంది. బీమా అధికారి భృతి నిరాకరిస్తే కార్మికుడు 'కోర్ట్ ఆఫ్ రెఫరీస్'కు వెళ్లవచ్చు. అందులో అధ్యక్షుడితో పాటు యజమానుల ప్రతినిధి ఒకరు, కార్మికుల ప్రతినిధి ఒకరు కూర్చుంటారు. దానిపైన దేశమంతటికీ ఒక 'అంపైర్' ఉంటాడు. 'పని మానేశాడా, మాన్పించారా' అన్న ప్రశ్నను ఒక్క గుమాస్తా తేల్చకూడదన్న గుర్తింపు ఆ ఏర్పాటులో ఉంది.

అమెరికాలో 1935 నాటి సామాజిక భద్రత చట్టం రాష్ట్రాలకు కేంద్ర నిధులిస్తూ ఒక షరతు పెట్టింది. భృతి నిరాకరణకు గురైన ప్రతి ఒక్కరికీ నిష్పాక్షిక ట్రిబ్యునల్ ముందు న్యాయమైన విచారణ దొరకాలి. ఆ చట్టం ఎంత దూరం వెళ్తుందో 1971లో జావా కేసులో తేలింది. కాలిఫోర్నియా రాష్ట్రంలో ఒక పద్ధతి ఉండేది. కార్మికుడికి భృతి మంజూరైనా, యజమాని అప్పీలు చేస్తే అది తేలేవరకు చెల్లింపు ఆపేసేవారు. అమెరికా సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. నిరుద్యోగ భృతి ఉద్దేశమే పని పోయిన తొలి వారాల్లో ఆదుకోవడం. అప్పీలు తేలేవరకు ఆపితే ఆ ఉద్దేశమే దెబ్బతింటుందన్నది తీర్పు సారాంశం. మంజూరైన భృతిని నిలిపివేసే ఆయుధంగా యజమాని అప్పీలును వాడటం అక్కడితో ఆగింది.

మన దగ్గర దాటవేతతో మొదలు

నిరుద్యోగంపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో చేసిన ఒడంబడికను వలస భారత ప్రభుత్వం 1921లో ఆమోదించి, 1938లో దాని నుంచి వైదొలగింది. ఈ రెండు తేదీల మధ్యనే 1928లో జంషెడ్‌పూర్ టాటా ఉక్కు కర్మాగారంలో సిబ్బంది తగ్గింపు వివాదం నెలల తరబడి సాగిన సమ్మెకు దారితీసింది. చివరికి సుభాష్ చంద్రబోస్ జోక్యంతో ఒప్పందం కుదిరింది. 1931లో నివేదిక ఇచ్చిన విట్లీ కమిషన్ జాతీయ స్థాయి నిరుద్యోగ బీమా భారతదేశంలో ఆచరణ సాధ్యం కాదని తేల్చింది.

స్వాతంత్ర్యం వచ్చాక బీపీ అదార్కర్ నివేదిక పునాదిగా 1948లో ఈఎస్ఐ చట్టం వచ్చింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్, ఢిల్లీలలో అమలు మొదలైంది. చట్టంలోని 46వ సెక్షన్ బీమాదారుకు దక్కే ప్రయోజనాలను వరుసగా చెబుతుంది: అనారోగ్యం, ప్రసూతి, వైకల్యం, ఆశ్రితులకు చెల్లింపు, వైద్యం, తర్వాత అంత్యక్రియల ఖర్చు. నిరుద్యోగం ఆ జాబితాలో లేదు. వివాదాలు తేల్చడానికి చట్టం ఉద్యోగుల బీమా న్యాయస్థానాన్ని ఏర్పాటు చేసింది. దానిపైన ముఖ్యమైన న్యాయప్రశ్న ఉంటేనే హైకోర్టుకు అప్పీలు. అంటే అప్పీలు మార్గం 1948లోనే తయారైంది. ఆ దారిన నడవవలసిన భృతి మాత్రం పుట్టలేదు.

గిరి, సంజీవయ్య, ఒక ఆంధ్ర సవరణ

నిరుద్యోగ బీమా లేని లోటును యజమాని చెల్లించే పరిహారంతో పూడ్చే ప్రయత్నం 1953లో జరిగింది. అప్పుడు కేంద్ర కార్మిక మంత్రి వీవీ గిరి. బట్టల మిల్లుల్లో సరుకు పేరుకుపోయి లేఆఫ్‌లు ముమ్మరమైన వేళ, పారిశ్రామిక వివాదాల చట్టానికి చేసిన సవరణ అక్టోబర్ 24 నుంచి అమలైంది. లేఆఫ్ కాలానికి మూలవేతనం, కరవు భత్యాల్లో సగం. తొలగిస్తే ఏడాది సర్వీసుకు పదిహేను రోజుల వేతనం. అయితే లేఆఫ్ పరిహారానికి సంస్థలో కనీసం 50 మంది ఉండాలి, కార్మికుడి పేరు మస్టర్ రోల్‌లో ఉండాలి, ఏడాది నిరంతర సర్వీసు ఉండాలి. ఏడు దశాబ్దాల తర్వాత గమ్హరియాలోని చిన్న యూనిట్ల ఠేకా కార్మికులు ఆ మూడు గడపల దగ్గరే ఆగిపోయారు.

అప్పీలు అన్న మాటకు ఆ రోజుల్లో మరో అర్థం కూడా ఉంది. 1950లో ఏర్పాటైన లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్‌ను కార్మిక సంఘాలు వ్యతిరేకించాయి. కింది ట్రిబ్యునల్‌లో గెలిచిన కార్మికుడిని పైమెట్టులో అలసిపోయేలా చేసే యంత్రాంగంగా దానిని చూశాయి. ఆ ట్రిబ్యునల్ బ్యాంకు ఉద్యోగుల వివాదంలో ఇచ్చిన నిర్ణయాన్ని 1954లో కేంద్ర ప్రభుత్వం మార్చినప్పుడు గిరి మంత్రి పదవికి రాజీనామా చేశారు. 1956 సవరణతో ఆ ట్రిబ్యునలే రద్దయింది. ఆ అనుభవం నేర్పిన పాఠం ఒకటే. అప్పీలు ఉండటం ఒక్కటే చాలదు. అది తేలేవరకు కార్మికుడు దేనితో బతకాలన్న ప్రశ్నకు కూడా చట్టం జవాబు చెప్పాలి. ఆ జవాబు చాలా ఆలస్యంగా 17బి సెక్షన్ రూపంలో వచ్చింది. తిరిగి పనిలోకి తీసుకోవాలన్న తీర్పుపై యజమాని హైకోర్టుకో సుప్రీంకోర్టుకో వెళితే, కేసు నడిచినంత కాలం, వేరే చోట పని దొరకని కార్మికుడికి చివరి వేతనం చెల్లించాలి. 1984 ఆగస్టులో అమలులోకి వచ్చిన ఈ నిబంధన, జావా తీర్పులోని తర్కానికి భారతీయ రూపం వంటిది.

మరో అడుగు 1965లో పడింది. అంతవరకు ఒంటరి కార్మికుడి తొలగింపు 'పారిశ్రామిక వివాదం' కాదు. సంఘమో, చెప్పుకోదగిన సంఖ్యలో తోటివారో దానిని భుజాన వేసుకోవాలి. దామోదరం సంజీవయ్య కేంద్ర కార్మిక మంత్రిగా ఉండగా చేర్చిన 2ఎ సెక్షన్ ఆ షరతును తొలగించింది. సంఘం లేని ఒక్కడు కూడా తన తొలగింపును ప్రశ్నించవచ్చు. కానీ కేసును కార్మిక న్యాయస్థానానికి పంపాలా వద్దా అన్నది మాత్రం ప్రభుత్వం చేతిలోనే మిగిలింది. ఆ తాళాన్ని 1987లో ఆంధ్రప్రదేశ్ తన సొంత సవరణతో తీసేసింది. తొలగింపునకు గురైన కార్మికుడు ప్రభుత్వ రిఫరెన్సు కోసం ఎదురుచూడకుండా నేరుగా కార్మిక న్యాయస్థానానికి వెళ్లే వీలు కల్పించింది. దేశమంతటికీ ఆ సౌకర్యం 2010 సెప్టెంబర్ 15న వచ్చింది. రాజీ అధికారికి దరఖాస్తు చేసిన 45 రోజుల తర్వాత నేరుగా న్యాయస్థానం. విశాఖ కార్మికుడికి దక్కిన వీలు గమ్హరియా కార్మికుడికి చేరడానికి 23 ఏళ్లు పట్టింది. ఉత్తరాంధ్ర, గంజాం ప్రాంతాల నుంచి తరాలుగా జంషెడ్‌పూర్‌కు వలస వెళ్లిన తెలుగు కుటుంబాలు ఈ తేడాకు రెండు వైపులా ఉన్నాయి.

రెండు పేర్లు, ఒకే లోటు

నిరుద్యోగ భృతి పేరుతో ఈఎస్ఐ సంస్థ తొలిసారి చెల్లింపు మొదలుపెట్టింది 2005 ఏప్రిల్ 1న. పేరు రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన. అప్పుడు కేంద్ర కార్మిక మంత్రి కె.చంద్రశేఖరరావు. మొదట అయిదేళ్ల చందా ఉండాలన్నారు, ఆరు నెలల భృతి ఇచ్చారు. తర్వాతి సడలింపుల్లో చందా కాలం తగ్గింది, భృతి కాలం పెరిగింది. మారనిది అర్హత ద్వారం. కర్మాగారం మూతపడాలి, లేదా పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం రిట్రెంచ్‌మెంట్ జరగాలి, లేదా పనితో సంబంధం లేని ప్రమాదంలో 40 శాతానికి తగ్గని శాశ్వత వైకల్యం కలగాలి. నోటిమాటతో పని పోయినవాడికి ఈ మూడింటిలో ఏదీ రుజువు చేయడం సాధ్యం కాదు. చట్టప్రకారం తొలగించామని రాసిచ్చే యజమాని చట్టప్రకారం పరిహారమూ ఇవ్వాలి. అందుకే రాసివ్వడు.

2018 జూలై 1 నుంచి అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన వచ్చింది. ఇది ద్వారాన్ని వెడల్పు చేసింది, గదిని చిన్నది చేసింది. మూసివేత, రిట్రెంచ్‌మెంట్ అన్న కఠిన పదాలు లేకపోయినా పని పోయినవారు అడగవచ్చు. కానీ దక్కేది సగటు రోజు సంపాదనలో నాలుగో వంతు, జీవితకాలం మొత్తంలో గరిష్ఠంగా 90 రోజులు. దరఖాస్తు యజమాని ద్వారా వెళ్లాలి. నిరుద్యోగం మొదలైన 90 రోజుల తర్వాతే అడగాలి. గమ్హరియాలో 2019 మాంద్యం సరిగ్గా ఈ నిబంధనల కాలంలోనే వచ్చి పడింది.

కోవిడ్ ఆ నిబంధనలను వంచింది. 2020 ఆగస్టు 20న ఈఎస్ఐ సంస్థ తీసుకున్న నిర్ణయాలు భృతిని సంపాదనలో 50 శాతానికి పెంచాయి. 90 రోజుల నిరీక్షణను 30కి తగ్గించాయి. వాటన్నిటికన్నా ముఖ్యమైనది, బీమాదారే నేరుగా బ్రాంచి కార్యాలయానికి దరఖాస్తు చేసుకోవచ్చు. సొమ్ము అతడి బ్యాంకు ఖాతాలోకే వస్తుంది. కొద్ది నెలలకు అఫిడవిట్ నిబంధన కూడా తీసేశారు. అప్పటివరకు యజమాని సంతకం చేయకపోవడమే ఒక తిరస్కరణ. దానికి కాగితం ఉండదు, తేదీ ఉండదు, కాబట్టి దానిపై అప్పీలూ ఉండదు. సంతకం అవసరం పోవడంతో మొదటిసారి తిరస్కరణ అనేది ఒక ప్రభుత్వ సంస్థ చేసే, సవాలు చేయదగిన పనిగా మారింది.

కానీ యజమాని నీడ పూర్తిగా తొలగలేదు. నెలవారీ చందా వివరాలు నింపేటప్పుడు, పనిదినాలు సున్నా అయిన కార్మికుడి ఎదురుగా యజమాని ఒక కారణం ఎంచుకోవాలి. 'లెఫ్ట్ సర్వీస్' అని నొక్కవచ్చు, 'రిట్రెంచ్‌మెంట్' అని నొక్కవచ్చు, 'నో వర్క్' అనీ నొక్కవచ్చు. మొదటిది కార్మికుడే మానేసినట్టు ధ్వనిస్తుంది. స్వచ్ఛందంగా పని వదిలినవారికి, క్రమశిక్షణ చర్య కింద తొలగినవారికి, చట్టవిరుద్ధ సమ్మెలో ఉన్నవారికి పథకం వర్తించదు. 1911లో బ్రిటన్ ముగ్గురు కూర్చుని తేల్చాలన్న ప్రశ్నను ఇక్కడ ఎదుటి పక్షమే కంప్యూటర్ తెరమీద ఒక్క వరుస ఎంపికతో తేల్చేస్తోంది. ఆ ఎంపికను కార్మికుడు చూసి ఒప్పుకున్నాడా అని అడిగేవారు లేరు.

కాదన్న తర్వాత

తిరస్కరణకు గురైన బీమాదారు ముందున్న మార్గాలేమిటి? ఈఎస్ఐ కార్యాలయాల్లో జరిగే సువిధా సమాగమ్‌లో విన్నవించుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఇవి విన్నపాలు, అప్పీళ్లు కావు. విన్నపాన్ని విన్న అధికారి కారణాలు రాసి నిర్ణయం చెప్పవలసిన అవసరం లేదు.

ఇక మిగిలింది ఉద్యోగుల బీమా న్యాయస్థానం. ఇక్కడ తొలి చిక్కు చట్టంలోనే ఉంది. నిరుద్యోగ భృతి 46వ సెక్షన్ జాబితాలో లేదు, పథకంగా వచ్చింది. న్యాయస్థానం పరిధిని చెప్పే 75వ సెక్షన్‌లో చట్టం కింద చెల్లించవలసిన 'ఇతర బకాయిలు' అన్న విశాలమైన మాట ఉంది కనుక వాదనకు తావుంది. కానీ పని పోయినవాడు తన కేసు వాదించడానికి ముందు, కేసు వినే అధికారం ఆ న్యాయస్థానానికి ఉందని వాదించవలసి వస్తుంది. రెండో చిక్కు దూరం. వివాదం తలెత్తిన నాటికి బీమాదారు ఎక్కడ పనిచేస్తున్నాడో ఆ ప్రాంతపు న్యాయస్థానంలోనే కేసు వేయాలని 76వ సెక్షన్ చెబుతుంది. పని పోయిన వలస కార్మికుడు మొదట చేసేది ఇంటికి రైలెక్కడం. శ్రీకాకుళం చేరినవాడు గమ్హరియా వివాదం కోసం తిరిగి సింగ్‌భూమ్ వైపు ప్రయాణాలు చేయాలి. మూడో చిక్కు కాలం. భృతి మొత్తం 90 రోజులదే. బీమా న్యాయస్థానం తీర్పు మీద రాంచీ హైకోర్టులో అప్పీలు వేయడానికి చట్టమిచ్చిన గడువే 60 రోజులు. ఇంత స్వల్పమైన సొమ్ముకు ఇంత పొడవైన దారి తొక్కేవారు అరుదు. కాబట్టి తీర్పులు రావు, తీర్పులు లేక సూత్రాలు ఏర్పడవు, సూత్రాలు లేక బ్రాంచి కార్యాలయపు 'కాదు' చివరి మాటగా మిగులుతుంది.

అంతర్గత అప్పీలు ఈఎస్ఐ వ్యవస్థకు తెలియనిదేమీ కాదు. వైకల్యం శాతంపై వైద్య మండలి నిర్ణయాన్ని మెడికల్ అప్పీల్ ట్రిబ్యునల్‌లో సవాలు చేయవచ్చు. 2010 సవరణ చేర్చిన 45ఎఎ సెక్షన్ యజమానులకు ప్రత్యేకంగా ఒక అప్పిలేట్ అధికారిని ఇచ్చింది. సంస్థ నిర్ణయించిన చందా బకాయి ఎక్కువని భావించిన యజమాని, అందులో నాలుగో వంతు జమచేసి 60 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. చందా కట్టవలసిన యజమానికి కోర్టు మెట్లెక్కే ముందే ఒక మెట్టు ఉంది. అదే నిధి నుంచి భృతి అందుకోవలసిన కార్మికుడికి అటువంటి మెట్టు లేదు. యూపీఏ హయాంలో జరిగిన ఈ అసమానతను ఎన్డీఏ పథకం సరిచేయలేదు. రాజీవ్ పేరా, అటల్ పేరా అన్న చర్చలో రెండు పక్షాలకూ ఆసక్తి ఉంది. ఈ చర్చలో లేదు.

కొత్త కోడ్‌ల కాలం

2025 నవంబర్ 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చాయి. సామాజిక భద్రత కోడ్ తన నిర్వచనంలో ఆదాయ భద్రత కావలసిన సందర్భాలను చెబుతూ వృద్ధాప్యం పక్కనే నిరుద్యోగాన్ని ప్రస్తావిస్తుంది. ఈఎస్ఐ ప్రయోజనాల జాబితాకు వచ్చేసరికి ఆ మాట కనబడదు. 1948 నాటి ఖాళీని నిర్వచనంలో గుర్తించి, అధ్యాయంలో అలాగే వదిలేశారు. పారిశ్రామిక సంబంధాల కోడ్ కార్మిక న్యాయస్థానాల స్థానంలో ఒక న్యాయ సభ్యుడు, ఒక పరిపాలన సభ్యుడు ఉండే ట్రిబ్యునళ్లను తెచ్చింది. తొలగింపును సవాలు చేసే గడువును మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గించింది. తొలగించిన ప్రతి కార్మికుడికి పదిహేను రోజుల వేతనాన్ని యజమాని పునర్ నైపుణ్య నిధికి జమచేయాలన్నది మంచి నిబంధనే. అయితే అది కూడా కాగితం మీద రిట్రెంచ్‌మెంట్ అయినవాడికే.

లోటు తీర్చడానికి కొత్త సిద్ధాంతమేదీ అక్కరలేదు. అవసరమైన ముక్కలన్నీ మన చట్టాల్లోనే చెల్లాచెదురుగా ఉన్నాయి. నిరుద్యోగ భృతిని ప్రయోజనాల జాబితాలో చేర్చితే బీమా న్యాయస్థానం పరిధిపై వాదన ముగుస్తుంది. తిరస్కరణను కారణాలతో లిఖితపూర్వకంగా ఇచ్చి, యజమానికి 2010లో ఇచ్చినట్టే కార్మికుడికీ ఒక అప్పిలేట్ అధికారిని ఇస్తే తొలి మెట్టు ఏర్పడుతుంది. యజమాని నమోదు చేసిన కారణం కార్మికుడి ఫోనుకు వెళ్లి, అతడు కాదంటే నిరూపణ భారం యజమానిపై పడాలి. కేసు ఎక్కడ వేయాలన్నది కార్మికుడు ప్రస్తుతం ఉంటున్న చోటును బట్టి తేలాలి.

వాహన పరిశ్రమలో ఎత్తుపల్లాలు కొత్తవి కావు. టెల్కో అన్న పేరున్న రోజుల నుంచీ గమ్హరియా వాటిని చూస్తూనే ఉంది. మరో మాంద్యం వచ్చేనాటికి భృతి సగమా పావా అన్నది బడ్జెట్ల లెక్క. ఆ భృతిని నిరాకరించిన అధికారి తన కారణాన్ని మరొకరి ముందు నిలబడి చెప్పుకోవలసి ఉంటుందా లేదా అన్నది మాత్రం హక్కుకూ దయకూ మధ్య గీత. 1948 చట్టం ఆ గీతను జ్వరానికీ ప్రసవానికీ గాయానికీ గీసింది. పని పోవడానికి ఇంకా గీయలేదు.